రజను ఎగిరిపోతుందని

నేను చెప్పేవాటిలో సగం కోతలని ప్రొద్దుటూరులో నన్నెరిగిన వాళ్ళందరికీ తెలుసు. మిగతా సగం కూడా కోతలేనని మా ఆవిడ వాదన. అందుకని మా ఇంట్లో ఈగలు సైతం కాళ్ళు కడుక్కున్నాకే బయటికి పోయేవంటే మీరు నమ్మనక్కర్లేదు. మనుషులం మాత్రం కడుక్కునేవాళ్ళం. అది నిజం.

నాయన బంగారు పని చేసేవాడు. నగల అంగళ్ళ వెనక సందులో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలోనే కుంపటి, పని బల్ల. మేం బడికి పోవాలన్నా, చుట్టాలు లోపలికి రావాలన్నా ఆ గదిలోంచే. ఆకురాయితో నగను రాసినప్పుడు రాలే సన్నటి పొడిని రజను అంటారు. చూద్దామంటే కంటికి ఆనదు గానీ జుట్టులో, చొక్కా మడతల్లో, మడమల పగుళ్ళలో దూరి కూర్చుంటుంది. అందుకని రోజూ పొద్దున మా అమ్మ మమ్మల్ని గడప దగ్గర తెల్లగుడ్డ మీద నిలబెట్టి, తల దులిపి, జేబులు తిరగేసి, వెడల్పాటి పళ్ళెంలో కాళ్ళు కడిగించి, అప్పుడు బయటికి వదిలేది. ఆ నీళ్ళు పారబోయరు, కుండలో పోసి తేరనిస్తారు. ఊడ్చిన చెత్తను గోనెసంచిలో దాస్తారు. ఏడాదికోసారి దాన్ని కొని, కడిగి బంగారం తీసుకునేవాళ్ళు వస్తారు. మా వీధిలో అన్ని ఇళ్ళకూ కోళ్ళుండేవి, మాకు తప్ప. మా కోడి రజను మింగి పక్కింట్లో గుడ్డు పెడితే, ఆ గుడ్డు ఎవరిదన్న పంచాయితీ పెద్దమనుషుల దాకా పోతుందని అమ్మ భయం. ఈ చివరి మాట అమ్మది కాదులెండి, నాది.

రజనుకు గాలి పడదు. మే నెలలో కూడా ముందు గదిలో ఫ్యాను తిరిగేది కాదు. ఆ గదిలో పరుగెత్తకూడదు. తువ్వాలు విదిలించకూడదు. గోడ వైపు తిరిగి మాట్లాడాలి, అదీ పెదాలతోనే. నోరు తెరిచి నవ్వితే నోట్లోంచి గాలి వస్తుంది కాబట్టి నవ్వకూడదు. నాయన మమ్మల్ని ఏనాడూ కొట్టలేదు, తిట్టలేదు. ఎవరి గొంతయినా లేస్తే ఊదుగొట్టం నోట్లోంచి తీసి, చేతిలో పట్టుకుని, మాట అయిపోయేదాకా అట్లాగే చూసేవాడు. కొడితే బాగుండునని నాకనిపించేది. కొట్టే నాయనలున్న నా సావాసగాళ్ళు హాయిగా ఏడ్చేవాళ్ళు.

నేను మాత్రం తప్పించుకున్నాను. నా చేతులు వణుకుతాయని నాయనకు తొందరగానే తెలిసింది. "వీని చేతులు బంగారానికి పనికిరావు. నోరు దేనికన్నా పనికొస్తాదేమో చూడు," అని అమ్మతో అన్నాడట. పనికొచ్చింది. బట్టల అంగడి ముందర నిలబడి, దారిన పోయేవాళ్ళను కేకలేసి లోపలికి పిలిచే ఉద్యోగం నాది. నా కేక వింటే మైదుకూరు బస్సు కూడా ఓ నిమిషం ఆగి చీరలు చూసి పోతుంది.

చెల్లెలికి తప్పించుకునే దారి లేదు. దాని వేళ్ళు సన్నం, చూపు చురుకు. బడినుంచి రాగానే నాయన పక్కన కూర్చుని దీపం పట్టుకోవడం, కింద పడిన రజనును తడి వేలితో అద్ది తీయడం దాని పని. దానికి ఐదారేళ్ళప్పుడు ఒకసారి బల్ల దగ్గర తుమ్మింది. ఎవరిదో పెళ్ళి నగ తాలూకు రజనంతా గది నాలుగు మూలలకూ లేచిపోయింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అందరం మోకాళ్ళ మీద కూర్చుని తడిగుడ్డలతో నేలంతా అద్దుకుంటూ వచ్చాం. ఆ పూట నాయన అన్నం తినలేదు. చెల్లెలు కూడా తినకుండా ఆయన పళ్ళెం ఎదురుగా కూర్చుంది. ఆ తర్వాత అది తుమ్మగా నేను వినలేదు. ముక్కు చిటచిటలాడితే నోరు మూసుకుని పెరట్లోకి పరుగెత్తేది. పోను పోను పెరట్లోకి పోయే పని కూడా లేకపోయింది.

కథలు చెప్పి దాన్ని నవ్వించడం నాకు ఆట. కాలికి రజనంటుకున్న ఈగకు జమ్మలమడుగు నుంచి పెళ్ళి సంబంధం వచ్చిన కథ, మా వీధి పిల్లి మీసాలు తాకట్టు పెట్టిన కథ. చెల్లెలు నవ్వేది. భుజాలు ఎగిరేవి, కళ్ళలో నీళ్ళు తిరిగేవి, ముఖం ఎర్రబడేది. చప్పుడు ఇసుమంతైనా వచ్చేది కాదు. అమ్మ పోయిన రోజు కూడా అట్లాగే ఏడ్చింది. వెనక నుంచి చూసినవాళ్ళకు అది ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

పులివెందులలో బోరు మోటార్లకు వైండింగ్ కట్టే షాపు ఉన్న అబ్బాయికిచ్చి దాని పెళ్ళి చేశాం. మా బావ మంచివాడు. షాపు కిందే, కాపురం మిద్దె మీద. పొద్దస్తమానం మోటార్ల మోత. ఆ ఇంట్లో ఉప్పు కావాలన్నా కేకలే, ముద్దు చేయాలన్నా కేకలే. మా చెల్లెలి అత్త గొంతు నా గొంతుకు అక్క. నేను మొదటిసారి పోయినప్పుడు నా ముందే కోడల్ని నిలదీసింది.

"ఏం మ్మే, నోట్లో బంగారం పెట్టుకోని మాట్లాడతాండావా ఏంది? చింతపండు యాడుందని అడిగేదానికి కూడా గుసగుసలా? ఇదేమన్నా దొంగతనమా?"

"మా ఇంట్లో అంతే అత్తా," అన్నాను నేను, దాని తరఫున. "మాటకింత అని తరుగు తీస్తారు."

"నువ్వు మాత్రం మీ ఇంటి మాటలన్నీ ఒక్కనివే వాడేసినట్టుండావే అబ్బోడా!" అని ఆమె పగలబడి నవ్వింది. చెల్లెలి భుజాలు ఎగిరాయి.

ఆ ఇంట్లో పాప పుట్టింది. ఇంత మోతలో పుట్టిన పిల్ల నోరు గలది అవుతుందని అందరం అనుకున్నాం. కానీ పసిబిడ్డ ఇంటినిండా వినిపించే మోటార్ల దగ్గర పెరగదు, ఎత్తుకున్న చేతుల్లో పెరుగుతుంది. పాప క్యారుమనగానే చెల్లెలు పరుగున పోయి, దాని చెవిలో నోరు పెట్టి "ష్, ష్" అనేది. తిట్టినట్టు కాదు, జోకొట్టినట్టు. ఆ "ష్" లో ఎంత ప్రేమ ఉండేదో నేను చూశాను. పాపకు మాటలు వేళకే వచ్చాయి. వచ్చినవన్నీ తల్లి చెవిలోకే వచ్చాయి. కడపలో డాక్టరుకు చూపిస్తే గొంతులో ఏ లోపమూ లేదన్నాడు. "ఇంట్లో ఎక్కువ భయపెడతారా?" అని అడిగాడట. "మాది భయపెట్టే ఇల్లు కాదు సార్," అన్నాడట మా బావ. నిజమే కదా.

పాపను ఒకటో తరగతిలో వేశాక ఒక సంగతి జరిగింది. బడి వ్యాను దిగేటప్పుడు ఎవరో తలుపు వేశారు, పాప వేళ్ళు అందులో నలిగాయి. ఏ పిల్లయినా వీధి అదిరేలా అరుస్తుంది. ఇది ఆ చేతిని గౌను జేబులో పెట్టుకుని పోయి తరగతిలో కూర్చుంది. గౌనుకు నెత్తురు అంటుకున్నదని పక్క పిల్ల చూసి అరిచేదాకా టీచరుకు తెలియదు. రెండు గోళ్ళు ఊడిపోయాయి.

ఆ రోజు చెల్లెలు నాకు ఫోను చేసింది. దాని ఫోను ఎత్తినప్పుడల్లా నేను అంగడి వెనక్కి పోయి, రెండో చెవి మూసుకుని వింటాను.

"అన్నా, దానికి కేకెయ్యడం నేర్పియ్యి."

"ఏందమ్మీ?"

"రేపు ఎవడన్నా చెయ్యి పట్టుకోని లాగినా అది నోరు తెరవదు. నేను నేర్పీలేను. నాకే రాదు. నువ్వే నేర్పల్ల. దాన్ని నా మాదిరి కానియ్యొద్దు అన్నా."

అంత పొడుగు మాట అది నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నేను కూడా ఎప్పుడూ లేనిది ఒక పరాచికమైనా ఆడకుండా సరే అన్నాను.

తల్లీ కూతుళ్ళు ప్రొద్దుటూరు వచ్చారు. కేక నేర్పడానికి మా సందు పనికిరాదు. గండికోటకు తీసుకుపోదామనుకున్నాను. ఆ లోయ అంచున నిలబడి అరిస్తే అవతలి గట్టు నుంచి మన మాట మనకు తిరిగి వస్తుంది. ముగ్గురం పొద్దున్నే జమ్మలమడుగు బస్సెక్కాం. కిటికీ పక్కన పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నా పని మొదలుపెట్టాను.

"కోడలా, ఆ లోయకు అవతల గట్టు మింద ఒక ముసలాయన ఉండాడు. చెవుడు. మనమేమన్నా కేకేస్తే సరిగ్గా ఇనపడక, అదే మాట మళ్ళీ మనల్నే అడుగుతాడు. నువ్వు 'అమ్మా' అంటే ఆయన గూడా 'అమ్మా?' అంటాడు."

పాప కళ్ళు పెద్దవయ్యాయి. కట్టు కట్టిన చెయ్యి నా భుజం మీద వేసి చెవిలో అడిగింది. "ఆయప్పకు అన్నం ఎవురు పెడ్తారు మామా?"

ఇంతకాలం ఇన్ని కథలు చెప్పాను, ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. "అన్నం తినడు పాపా," అన్నాను. "మన కేకలే తింటాడు. నిన్న ఎవరూ రాలేదంట. పస్తు పండుకున్నాడు పాపం."

జమ్మలమడుగులో దిగి, ఉగ్గాని బజ్జీ తిని, ఆటో మాట్లాడుకున్నాం. దారంతా పాప లోలోపల ఏదో తయారు చేసుకుంటున్నట్టు పెదాలు కదుపుతూనే ఉంది. కోట దాటి రాళ్ళ మీదుగా అంచు దాకా నడిచాం. కింద ఎక్కడో పెన్న. ఎదురుగా ఎర్రటి గోడలా అవతలి గట్టు. నేను ముందు నా ఉద్యోగం చేసి చూపించాను. "రండమ్మా రండీ!" అన్నాను. "రండీ" అంది లోయ. పాప ముఖం వెలిగిపోయింది.

"ఊఁ, ఇంగ నువ్వు. ఆకలిగా ఉండాడు."

పాప ముందుకు వంగింది. నోరు తెరిచింది. మెడ నరాలు లేచాయి, పిడికిళ్ళు బిగుసుకున్నాయి. ఊపిరి మాత్రం బయటికొచ్చింది. మళ్ళీ తెరిచింది. మళ్ళీ ఊపిరే. "గట్టిగా! ఇంకాస్త!" అని నేను ఉసిగొల్పాను. మూడోసారికి కళ్ళలో నీళ్ళు నిండాయి. వాళ్ళమ్మ కొంగు పట్టుకుని ఏదో అంది. చెల్లెలు నాకు చెప్పింది: "ఆయన ఇయ్యాల గూడా పస్తేనా అంటాంది."

అప్పుడు చెల్లెలు చెప్పులు విడిచింది. ఎందుకు విడిచిందో నాకు తెలియదు, గుళ్ళోకి పోతున్నట్టు విడిచి, కూతురి పక్కన నిలబడింది. "సూడు పాపా, నేను ఏస్తా సూడు," అంది. గుండెలనిండా గాలి పీల్చుకుని నోరు తెరిచింది. ముప్పై దాటిన మనిషి. ఒక బిడ్డ తల్లి. ప్రసవమప్పుడు కూడా నోరు తెరవలేదని దాని అత్త ఊరంతా చెప్పుకున్న మనిషి. పాప పడ్డ పాటే అది కూడా పడింది. అవే నరాలు, అవే పిడికిళ్ళు. చివరికి "ఆ" అని ఒక్క ముక్క, కప్పు కింద పెట్టినంత చప్పుడు. అది లోయ దాకా పోలేదు, నా దాకా వచ్చింది. పాప వాళ్ళమ్మ ముఖంలోకి చూసింది. తన ముఖాన్నే చూసినట్టు చూసింది.

ఇంతలో బైకుల మీద వచ్చిన కుర్రవాళ్ళు కొంతమంది అంచుకొచ్చి, సెల్ఫీలు తీసుకుంటూ "ఓయ్! ఓయ్!" అని అరిచారు. లోయ కడుపునిండా బదులిచ్చింది. పాప కళ్ళు తుడుచుకుని నా చొక్కా పట్టి కిందికి లాగింది. వంగాను.

"తిన్న్యాడు మామా," అంది చెవిలో.

సాయంత్రానికి ఇల్లు చేరాం. నాయనకు ఇప్పుడు డెబ్బై దాటింది. మిషన్ల మీద చేసిన గొలుసులు బయటి ఊళ్ళ నుంచి వస్తుంటే మా సందులో చేతిపని మానుకున్నవాళ్ళలో ఆయనొకడు. కుంపటి చల్లబడి చాలా కాలమైంది. ఇప్పుడు ముందు గదిలో ఫ్యాను తిరుగుతుంది. ఆయన దాని కింద పాత బల్ల ముందే కూర్చుంటాడు, ఊరికే. చెవులు బాగా మందగించాయి. కళ్ళు మాత్రం చెడలేదు.

పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని, పళ్ళెంలో మురుకులు పెట్టి, "గండికోటలో ఏం సూసినావు తల్లీ?" అని అడిగాడు.

పాప చెప్పింది. చెవుడు ముసలాయన, ఆకలి, కుర్రవాళ్ళు, అంతా చెప్పి ఉంటుంది, చాలాసేపు పెదాలు కదిలాయి. నాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఇంకా దగ్గరికి వంగి, చివరికి వెనక్కి వాలాడు.

"పూర్తిగా పోయినాయప్పా నా చెవులు," అన్నాడు నాతో. "బిడ్డ అంతసేపు చెప్తే ఒక్క ముక్క ఇనపళ్ళా."

నేను నోరు తెరవబోయాను. చెల్లెలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చెప్పొద్దని కళ్ళతోనే అంది. ఆయనకు చెవులు పోయాయనుకోవడమే దానికి నయమనిపించింది.

నాయన మాత్రం పాపనే చూస్తున్నాడు. వెంట్రుక మందం తీగలో అతుకు ఎక్కడుందో చూసి చెప్పిన కళ్ళవి. చెయ్యి చాచి, వేలి వెనక భాగాన్ని పాప గొంతు మీద ఆనించాడు. "మళ్ళీ చెప్పు తల్లీ," అన్నాడు. పాప పెదాలు కదిలాయి. ఆయన వేలు అక్కడే ఉంది. చాలాసేపు ఉంది.

"నా చెవులు కాదు. బిడ్డ గొంతే అదరడం లేదు," అన్నాడు.

తర్వాత కూతురి వైపు తిరిగాడు. తన చెవులు మందగించినప్పటి నుంచి అది వచ్చి కూర్చుని చెప్పిన మాటలన్నీ, తనకు వినపడలేదనుకున్నవన్నీ లెక్కకొచ్చినట్టు దాన్ని చూశాడు.

"నువ్వు గూడా ఇంతేనామ్మా?"

చెల్లెలు తల వంచుకుంది. భుజాలు కదలడం మొదలయ్యాయి. ఈసారి ఎవరికీ అనుమానం లేదు.

నాయన లేచాడు. గోడ పట్టుకుని నడిచి, స్విచ్చు దగ్గరికి పోయి, రెగ్యులేటర్ చివరిదాకా తిప్పాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. క్యాలెండరు కాగితాలు టపటపలాడాయి. బల్ల కింద ఎన్నాళ్ళనుంచో ఉన్న దుమ్ము లేచి గదినిండా తిరిగింది.

"సూడండి! ఇంగ ఈడ ఎగిరిపోయేదేం లేదు," అన్నాడు. "ఏం లేదమ్మా. కేకెయ్యండి. ఇద్దురూ కేకెయ్యండి!"

దుమ్ము ముక్కులోకి పోయి పాపకు తుమ్ము వచ్చినట్టుంది. గబుక్కున కట్టు కట్టిన చేతితో నోరు మూసుకుంది. రెండో చేతిని పళ్ళెం మీద బోర్లించింది. రజను అంటే ఏమిటో దానికి తెలియదు. అది పుట్టకముందే మా ఇంట్లో కుంపటి ఆరిపోయింది. ఒక్క రేణువైనా చూడని పిల్ల, మా చెల్లెలు ఈ గదిలో మూసినట్టే నోరు మూసుకుని, తుమ్మును మింగేసి, ఏమీ చెదరలేదు కదా అన్నట్టు మా అందరి ముఖాలూ చూసింది.

నాయన ఫ్యాను కట్టేశాడు. మళ్ళీ వచ్చి కూర్చోలేదు, పెరట్లోకి పోయాడు. మర్నాడు తల్లీ కూతుళ్ళు పులివెందుల బస్సెక్కారు.

ఇప్పుడు రోజూ సాయంత్రం పాప బడినుంచి వచ్చే వేళకు నాయన ఫోను తెచ్చి నా చేతికిస్తాడు. నంబరు కలిపి ఇవ్వాలి. చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని "చెప్పు తల్లీ, గట్టిగా చెప్పు," అంటాడు. తర్వాత అప్పుడప్పుడూ "అట్నా?" అంటాడు. ఒకటి రెండుసార్లు నవ్వుతాడు కూడా. పాప ఆ పక్కన ఫోను చెవికి పెట్టుకుని నిలబడుతుందే తప్ప పెదాలైనా కదపదని చెల్లెలు నాకు విడిగా చెప్పింది. ఆ విషయం నేను నాయనతో అనలేదు.

ఫోను ఇచ్చేశాక ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెబుతాడు. ఈ రోజు బళ్ళో పెన్సిలు పోయిందంట. వెతికితే దొరికిందంట. వ్యానుకు కొత్త హారను పెట్టినారంట, దానికన్నా గట్టిగా అరిచిందంట మన పాప, డ్రైవరు చెవులు మూసుకున్యాడంట. జన్మలో ఒక్క కథ చెప్పి ఎరగని మనిషి, ఎక్కడా తడుముకోకుండా చెప్పుకుపోతాడు.

నేను ఊఁ కొడతాను.